వాయిదా కాలంలో కుర్చీ ఎవరిది?



పంచాయతీ ఎన్నికలు ఆర్నెల్లు ఆలస్యమైతే ఊరంతా మాట్లాడుకుంటుంది. పేపర్లలో సంపాదకీయాలు వస్తాయి, హైకోర్టులో వ్యాజ్యాలు పడతాయి. అదే ఊళ్లో సొసైటీ ఎన్నికలు ఏళ్ల తరబడి జరక్కపోయినా, యూరియా బస్తా కోసం వరసలో నిలబడ్డ రైతు ఆ ఊసెత్తడు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఈ సొసైటీలకు, అంటే ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాలకు, చివరిసారి ఎన్నికలు జరిగింది 2013 జనవరి చివర, ఫిబ్రవరి మొదట్లో, రెండు విడతలుగా. ఆ పాలకవర్గాల అయిదేళ్ల గడువు 2018 ఫిబ్రవరిలో ముగిసింది. తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో ఇంకో అయిదేళ్లకు పైగా, అంటే ఒక పూర్తి పదవీకాలానికి మించి, ఎన్నికల మాటే లేకుండా గడిచిపోయింది. మొదట పాత అధ్యక్షులే పర్సన్ ఇన్‌ఛార్జీల పేరుతో కొనసాగారు. 2019లో ప్రభుత్వం మారాక వాళ్లు పోయారు, కొత్తగా నామినేట్ చేసిన త్రిసభ్య కమిటీలు వచ్చాయి. 2024లో ప్రభుత్వం మళ్లీ మారింది. ఆ కమిటీలూ పోయాయి, వేరే పేర్లతో వేరే త్రిసభ్య కమిటీలు వచ్చాయి. మూడు ప్రభుత్వాలు, మూడు రకాల కుర్చీలు. ఓటు వేయాల్సిన సభ్యుడు మాత్రం ఉన్నచోటే ఉన్నాడు. రాష్ట్రంలో ఇలాంటి సంఘాలు రెండు వేల పైచిలుకు ఉన్నాయి.

తెలంగాణ కథ ఇంతకంటే మెరుగే, కానీ గొప్పగా మెరుగు కాదు. అక్కడా 2018 ఫిబ్రవరిలో గడువు ముగిసింది. పాత పాలకవర్గాలనే పొడిగించుకుంటూ వచ్చి, చివరికి 2020 ఫిబ్రవరి 15న తొమ్మిది వందల పైచిలుకు సంఘాలకు ఎన్నికలు పెట్టారు. రెండేళ్లు ఆలస్యమైనా పెట్టారు కదా అని సంతోషించేలోపు 2025 ఫిబ్రవరి వచ్చింది. గడువు ముగిసింది, ఎన్నికల నోటిఫికేషన్ రాలేదు, ఉన్న పాలకవర్గాలకు ఆరు నెలల పొడిగింపు వచ్చింది. ఆగస్టులో మరో ఆరు నెలలు. ఒక రాష్ట్రంలో కొత్తవాళ్లను నామినేట్ చేశారు, ఇంకో రాష్ట్రంలో పాతవాళ్లను పొడిగించారు. చూడ్డానికి ఇవి రెండు వేర్వేరు పద్ధతులు. రెండింట్లోనూ ఉన్న లోపం మాత్రం ఒక్కటే, ఈ ప్రసంగంలో చెప్పదలచుకున్నదీ అదే. ఎన్నిక వాయిదా వేసే అధికారమూ, ఆ వాయిదా కాలంలో కుర్చీలో ఎవరు కూర్చోవాలో తేల్చే అధికారమూ ఒకే చేతిలో ఉన్నాయి. అలా ఉన్నంతకాలం వాయిదాకు కారణాలు దొరుకుతూనే ఉంటాయి, కోర్టుల్లో కేసులు పడుతూనే ఉంటాయి, తీర్పులు వచ్చినా పెద్దగా ఒరిగేదేమీ ఉండదు.

ముందు ఆ కుర్చీకి ఉన్న విలువ ఏమిటో చూడాలి. మన రెండు రాష్ట్రాల్లో సొసైటీ పాలకవర్గం అంటే పదమూడు మంది డైరెక్టర్లు. వాళ్లలోంచే అధ్యక్షుడు, ఉపాధ్యక్షుడు. పంట రుణాలు, ఎరువులు, విత్తనాలు, ధాన్యం కొనుగోలు కేంద్రాలు, కొన్నిచోట్ల పెట్రోలు బంకులు, గోదాములు కూడా వాళ్ల చేతిలోనే ఉంటాయి. ఇంతవరకు అందరికీ కనిపించేదే. కనిపించనివి ఇంకో రెండున్నాయి. ఒకటి, వాటాధనం కట్టించుకుని కొత్త సభ్యుణ్ణి చేర్చుకునే తీర్మానం కూడా ఆ బల్ల మీదే జరుగుతుంది. అంటే రేపటి ఓటర్ల జాబితా ఇవాళ కుర్చీలో ఉన్నవాడి కలం కింద తయారవుతుంది. రెండోది, సొసైటీ అధ్యక్షులే జిల్లా కేంద్ర సహకార బ్యాంకు పాలకవర్గాన్ని ఎన్నుకోవాలి, జిల్లా బ్యాంకుల అధ్యక్షులు పైన రాష్ట్ర సహకార బ్యాంకును నడపాలి. కింది మెట్టు మీద ఎన్నిక లేకపోతే పై రెండు మెట్లకూ ఎన్నిక ఉండదు. ఆంధ్రప్రదేశ్‌లో జిల్లా సహకార బ్యాంకుల అధ్యక్ష పదవులు నామినేటెడ్ పోస్టుల జాబితాలో చేరిపోయి, కార్పొరేషన్ చైర్మన్లతో పాటు ప్రకటించే స్థాయికి వచ్చాయంటే అందుకే. రైతుల డిపాజిట్లున్న బ్యాంకుకు అధ్యక్షుడెవరో రైతులకు పేపరు చూస్తేగానీ తెలియదు.

ఇదంతా చట్టానికి విరుద్ధంగా జరుగుతోందా అంటే, సూటిగా అలా అనలేం. చిక్కంతా అక్కడే ఉంది. 1964 నాటి ఆంధ్రప్రదేశ్ సహకార సంఘాల చట్టంలో 32వ సెక్షన్ ఏడో ఉపసెక్షన్ ఈ తలుపు తెరిచి పెట్టింది. పాలకవర్గం గడువు ముగిసి, కొత్త ఎన్నిక జరగని పరిస్థితి ఉంటే సంఘం వ్యవహారాలు చూడ్డానికి ఒక వ్యక్తినిగానీ కొందరినిగానీ నియమించవచ్చు. ఒకసారికి ఆరు నెలలు, అవసరమైతే మళ్లీ ఆరు నెలల చొప్పున పొడిగింపు. తెలంగాణ కూడా ఇదే చట్టాన్ని వారసత్వంగా తీసుకుంది. సంఘం దిక్కులేనిది కాకూడదన్న మంచి ఉద్దేశంతో పెట్టిన నిబంధన ఇది. నిజంగా వరదో, కరువో, కోర్టు స్టేనో వచ్చి ఎన్నిక ఆగితే రుణాల పంపిణీ ఆగకూడదు కదా! కానీ ఆపద్ధర్మంగా రాసుకున్న నిబంధనతోనే ఏళ్ల తరబడి పాలన సాగించేశారు. ఇదే చట్టంలో 34వ సెక్షన్ కూడా ఉంది. పాలకవర్గం తప్పు చేస్తే రద్దు చేయడానికి పెట్టిన సెక్షన్ అది. దాన్ని వాడాలంటే ఆరోపణ ఉండాలి, నోటీసు ఇవ్వాలి, సంజాయిషీ వినాలి, కారణాలు రాయాలి. గడువు ముగిసే దాకా ఊరుకుని, ఎన్నిక పెట్టకుండా మన మనిషిని కూర్చోబెడితే ఇవేవీ అక్కర్లేదు. రద్దు చేయకుండానే రద్దు చేసినంత పని అయిపోతుంది.

రాజ్యాంగం దీనికి అడ్డుకట్ట వేయాలని చూసింది. 2011లో పార్లమెంటు 97వ సవరణ చేసింది, 2012 ఫిబ్రవరి 15 నుంచి అది అమల్లోకి వచ్చింది. 19వ అధికరణంలో సంఘాలు పెట్టుకునే స్వేచ్ఛ పక్కన సహకార సంఘాల మాట చేర్చింది. 43బి అధికరణంలో వాటి స్వయంప్రతిపత్తిని, ప్రజాస్వామిక నియంత్రణను పెంచాలని రాజ్యానికి ఆదేశం పెట్టింది. వీటితో పాటు తొమ్మిది-బి భాగం అని ఒక కొత్త అధ్యాయమే రాసింది. పాలకవర్గానికి అయిదేళ్ల గడువు, గడువు ముగియకముందే ఎన్నిక, పాతవాళ్లు దిగిన వెంటనే కొత్తవాళ్లు ఎక్కడం, రద్దు చేసినా సాధారణంగా ఆరు నెలలకు మించకూడదన్న పరిమితి, ప్రభుత్వం వాటాగానీ రుణంగానీ హామీగానీ లేని సంఘం జోలికి అసలే వెళ్లకూడదన్న నిషేధం. పంచాయతీలకూ మునిసిపాలిటీలకూ 1993లో దొరికిన రక్షణ లాంటిదే ఇది. కాకపోతే ఇది చేసే తీరులో పార్లమెంటు ఒక మెట్టు దాటేసింది. సహకార సంఘాలు రాష్ట్రాల జాబితాలో 32వ అంశం. రాష్ట్రాల అధికారాన్ని తాకే సవరణకు కనీసం సగం రాష్ట్రాల శాసనసభల ఆమోదం కావాలి. అది తీసుకోలేదు. 2013 ఏప్రిల్‌లో గుజరాత్ హైకోర్టు ఆ భాగాన్ని కొట్టేసింది. 2021 జూలై 20న సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ తీర్పును చాలావరకు నిలబెట్టింది. ఒకటికి మించిన రాష్ట్రాల్లో పనిచేసే బహుళరాష్ట్ర సంఘాలకు మాత్రం తొమ్మిది-బి భాగం వర్తిస్తుందని ఇద్దరు న్యాయమూర్తులు, అదీ కుదరదని మూడో న్యాయమూర్తి చెప్పారు. 

ఈ తీర్పును తప్పు పట్టడం కష్టం. సమాఖ్య సూత్రం ప్రకారం అది సరైన తీర్పే. దాని ఫలితం మాత్రం విచిత్రంగా ఉంది. కొన్ని వేల కోట్ల వ్యాపారం చేసే బహుళరాష్ట్ర సంఘం సభ్యుడికి సకాలంలో ఎన్నిక జరగాలన్న రాజ్యాంగ రక్షణ ఉంది. వాటి కోసం 2023లో చట్టాన్ని సవరించి, 2024 మార్చిలో ప్రత్యేకంగా ఒక సహకార ఎన్నికల ప్రాధికార సంస్థను కూడా ఏర్పాటు చేశారు. మూడెకరాల మీద పంట రుణం తీసుకునే రైతు సభ్యుడుగా ఉన్న గ్రామ సొసైటీకి మాత్రం ఆ రక్షణ లేదు. అతనికి మిగిలింది రాష్ట్ర చట్టం, అందులోని ఆర్నెల్ల తలుపు. సుప్రీంకోర్టు కొట్టేసింది పార్లమెంటు ఎంచుకున్న దారిని. ఆ తొమ్మిది-బి భాగంలో రాసినవన్నీ ఏ రాష్ట్ర శాసనసభ అయినా తన సొంత చట్టంలో రేపే రాసుకోవచ్చు. అందుకు ఢిల్లీ అనుమతి అవసరం లేదు. రాష్ట్రాల హక్కుల కోసం ఆ తీర్పును స్వాగతించినవాళ్లు ఈ రెండో సగం పని గురించి మాట్లాడకపోవడమే ఆశ్చర్యం.

ఇక కోర్టుల దగ్గరికి వద్దాం. ఎన్నుకునే హక్కు, ఎన్నికయ్యే హక్కు ప్రాథమిక హక్కులు కావు, చట్టం ఇచ్చినంత మేరకే ఉంటాయి అని సుప్రీంకోర్టు 1982లో జ్యోతిబసు కేసులో చెప్పింది. ఎన్నికల ప్రక్రియ ఒకసారి మొదలైతే మధ్యలో కోర్టులు చెయ్యి పెట్టకూడదన్నది ఇంకా పాత సూత్రం, 1952లో పొన్నుస్వామి కేసు నుంచి వస్తున్నది. అది శాసనసభ ఎన్నిక కేసు. 2001లో మహారాష్ట్రకు చెందిన ఒక పాల ఉత్పత్తిదారుల సంఘం కేసులో ఇదే వైఖరిని సహకార ఎన్నికలకూ వర్తింపజేశారు. ఓటర్ల జాబితా తయారీ కూడా ఎన్నికల ప్రక్రియలో భాగమే, అభ్యంతరాలుంటే ఎన్నికయ్యాక తేల్చుకోండి అన్నారు. మంచి సూత్రమే, ఎన్నిక ఆగకుండా కాపాడే సూత్రం. దురదృష్టమేమిటంటే ఇది నడుస్తున్న ఎన్నికనే కాపాడగలదు. అసలు నోటిఫికేషనే రాని ఎన్నికకు ఇది ఎందుకూ కొరగాదు. వాయిదా వివాదాలన్నీ పుట్టేది ఆ నోటిఫికేషన్‌కు ముందటి ఖాళీలోనే.

ఆ ఖాళీలో ఒక రిట్ పిటిషన్ ప్రయాణం ఎలా ఉంటుందో కొంచెం దగ్గరగా చూడండి. పాలకవర్గం గడువు ముగిసిన రోజునో మర్నాడో జీవో వస్తుంది: ఫలానా తేదీ నుంచి ఆరు నెలలపాటు ఫలానావాళ్లు పర్సన్ ఇన్‌ఛార్జీలు. దాని ప్రతి చేతికి అందడానికి కొన్ని రోజులు. నలుగురు సభ్యులు కూడి, ఖర్చులు వేసుకుని, లాయరును పట్టుకుని దాఖలు చేసేసరికి నెల. ప్రభుత్వ న్యాయవాది వివరాలు తెప్పించుకోవడానికి గడువు అడుగుతారు, కోర్టు ఇస్తుంది. కౌంటరు దాఖలుకు ఇంకోసారి గడువు. మధ్యలో వేసవి సెలవులో, దసరా సెలవులో. వాదనలు మొదలయ్యేనాటికి అయిదో నెల దాటుతుంది. అప్పుడు రెండో జీవో వస్తుంది, ఇంకో ఆరు నెలలు. మీరు సవాలు చేసిన ఉత్తర్వుకు కాలం చెల్లింది, పిటిషన్ నిరర్థకమైంది, కావాలంటే కొత్త ఉత్తర్వు మీద కొత్తగా రండి అంటారు. ఇక్కడ ఎవరూ నియమం తప్పలేదు. న్యాయమూర్తి తప్పలేదు, ప్రభుత్వ న్యాయవాదీ తప్పలేదు. ఆరు నెలల ఉత్తర్వు మీద ఎనిమిది నెలల విచారణ గెలవడం లెక్క ప్రకారమే అసాధ్యం, అంతే.

పోనీ గెలిచారనుకుందాం. నియామకం చెల్లదని తీర్పు వచ్చిందనుకుందాం. ఆ కాలంలో ఇచ్చిన రుణాలు, చేర్చిన సభ్యులు, పెట్టిన ఉద్యోగులు, చేసిన కొనుగోళ్ల సంగతేమిటి? మన ఆంధ్రప్రదేశ్ నుంచే సుప్రీంకోర్టుకు వెళ్లిన గోకరాజు రంగరాజు కేసులో 1981లో ఒక సూత్రం స్థిరపడింది. పదవిలో ఉన్నవాడి నియామకం తర్వాత చెల్లకుండా పోయినా, పదవిలో ఉండగా అతను చేసిన పనులు చెల్లుతాయి. అది న్యాయాధికారుల గురించి వచ్చిన కేసు. అయినా ప్రజా పదవులన్నిటికీ అదే తర్కం పాకింది. ప్రజల సౌకర్యం కోసం ఆ సూత్రం అవసరమే, లేకపోతే అప్పు తీసుకున్న రైతుకే ముప్పు. కానీ దాని వల్ల ఒక ధైర్యం కూడా వస్తోంది. కేసు ఓడిపోయినా పోయేదేమీ లేదు, చేసుకున్న పని చేసుకున్నట్టే ఉంటుంది అన్న ధైర్యం.

అయితే కోర్టులకు దారి లేదా? ఉంది, అది కూడా పాతదే. బిహార్ ప్రభుత్వం 1967 నుంచి 1981 వరకు 256 ఆర్డినెన్సులు జారీ చేసి, ఒక్కొక్కదాన్ని మళ్లీ మళ్లీ జారీ చేస్తూ కొన్నిటిని పద్నాలుగేళ్ల దాకా బతికించింది. పుణెలో అర్థశాస్త్రం చెప్పే ప్రొఫెసర్ డి.సి.వాధ్వా ఆ లెక్కలు తవ్వి తీసి సుప్రీంకోర్టుకెళ్లారు. 1986 తీర్పులో రాజ్యాంగ ధర్మాసనం ఒక్కో ఆర్డినెన్సును విడివిడిగా తూచలేదు, మొత్తం వరసను చూసింది. అత్యవసరం కోసం ఇచ్చిన అధికారాన్ని అలవాటుగా మార్చుకోవడం రాజ్యాంగాన్ని మోసగించడమేనంది. ఆర్నెల్ల జీవోలకూ ఇదే దృష్టి పెట్టాలి. నాలుగో పొడిగింపును ఎవరైనా సవాలు చేసినప్పుడు కోర్టు, ఈ నాలుగోదానికి కారణం చాలుతుందా లేదా అని కాదు, నాలుగూ కలిపి చూస్తే ఎన్నిక పెట్టే ఉద్దేశం ఎక్కడైనా కనిపిస్తోందా అని అడగాలి. అప్పుడు ఏ పిటిషనూ నిరర్థకం కాదు. పాత ఉత్తర్వు గడువు ముగిసిపోవడమే పిటిషనర్ చేతిలో సాక్ష్యమవుతుంది.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం న్యాయమైనదే. వాయిదాకు నిజమైన కారణాలు ఉండవా? ఉంటాయి. బకాయి ఉన్నవాడు పోటీకి అనర్హుడు కాబట్టి, రుణమాఫీ ప్రకటించి డబ్బు ఇంకా జమ చేయని కాలంలో ఎన్నిక పెడితే తప్పు చేయని రైతు అనర్హుడవుతాడు. అసెంబ్లీ ఎన్నికలో, పంచాయతీ ఎన్నికలో వస్తే సిబ్బంది చాలరు. కొత్త మండలాలను బట్టి సంఘాలను విడదీయాల్సి రావచ్చు. సభ్యుల జాబితాలో చనిపోయినవారి పేర్లు వందల కొద్దీ ఉండొచ్చు. ఇవన్నీ ఒప్పుకోవాల్సిందే. కానీ వీటిలో ఏదీ గడువు ముగిసే రోజు హఠాత్తుగా ఊడిపడేది కాదు. అయిదేళ్ల గడువు ఏ తేదీన ముగుస్తుందో ఎన్నికైన రోజే తెలుసు. చనిపోయిన సభ్యుల పేర్లు తీసేయడానికి అయిదేళ్లు చాలలేదంటే ఆ తప్పు ఓటరుది కాదు. మాఫీ కింద వచ్చే మొత్తాన్ని బకాయిగా లెక్కించవద్దని ఒక్క వాక్యం రాస్తే ఆ కారణం పోతుంది. మహారాష్ట్ర చట్టం వాయిదాను ఒప్పుకుంటుంది. కరువు, వరద, వానాకాలం, ఇతర ఎన్నికలు, ప్రత్యేక కారణాలు అంటూ పెద్ద జాబితానే ఇస్తుంది. కానీ కారణాలు రాతలో పెట్టాలి, ఒకసారికి ఆరు నెలలు మించకూడదు, అన్నీ కలిపి ఏడాది మించకూడదు అంటుంది. కరోనా కాలంలో అక్కడా వాయిదా మీద వాయిదా పడింది కాబట్టి ఈ పరిమితి సర్వరోగ నివారిణి అనుకోనక్కర్లేదు. అయినా గీత గీసి ఉన్నచోట దాటినవాడు కనీసం కనిపిస్తాడు.

కారణం నిజమా సాకా అన్నది ఎవరు తేల్చాలి అన్న ప్రశ్నకు మన దగ్గరే మంచి ఉదాహరణ ఉంది. 2020 మార్చిలో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర ఎన్నికల కమిషనర్ కరోనా కారణంగా స్థానిక ఎన్నికలను ఆరు వారాలు వాయిదా వేశారు. వద్దు, జరపాలి అంది ప్రభుత్వం. సుప్రీంకోర్టు వాయిదాలో జోక్యం చేసుకోలేదు. 2021 జనవరి వచ్చేసరికి పాత్రలు తారుమారయ్యాయి. జరుపుతాను అన్నారు కమిషనర్, కరోనా ఉంది వద్దు అంది ప్రభుత్వం. జనవరి 25న సుప్రీంకోర్టు ప్రభుత్వ వాదనను తోసిపుచ్చింది, ఫిబ్రవరిలో పంచాయతీ ఎన్నికలు జరిగాయి. ఈ గొడవలో ఎవరి పక్షాన న్యాయముందో ఎవరికి తోచినట్టు వారు అనుకోవచ్చు. ముఖ్యమైనదల్లా ఇంకోటి: వాయిదా వేసిన చేతికి పంచాయతీల్లో కుర్చీలు పంచే అధికారం లేదు. అందుకే కోర్టు రెండుసార్లూ ఆ నిర్ణయాన్ని గౌరవించగలిగింది. సహకార సంఘాల విషయంలో కౌలు గడువు తీరినవాడే తన కౌలు తనే పొడిగించుకున్నట్టుంది పరిస్థితి. తెలంగాణలో సహకార ఎన్నికల ప్రాధికార సంస్థ పేరుకు ఉంది, 2020 ఎన్నికలు జరిపింది కూడా అదే. 2025లో పొడిగింపు ఉత్తర్వులిచ్చింది మాత్రం ప్రభుత్వం.

రెండో అభ్యంతరం తరచుగా వినిపించేది, మర్యాదగా చెప్పేవాళ్లు కూడా చెప్పేది. సొసైటీ ఎన్నికలంటే ఊళ్లో పార్టీల కొట్లాట, డబ్బు పంపకం. ఎన్నికైనవాళ్లు బినామీ రుణాలు రాసుకుంటారు. అంతకంటే నామినేటెడ్ కమిటీ నయం కదా అంటారు. పార్టీలు రాకూడదన్న కోరిక మంచిదే. కానీ నామినేషన్‌లో పార్టీ లేదా? ఎన్నికలో రెండు పార్టీలు ఉంటాయి, నామినేషన్‌లో ఒక్కటే ఉంటుంది, తేడా అంతవరకే. అక్రమాల మాటకొస్తే, చట్టంలో 51వ సెక్షన్ కింద విచారణ ఉంది, 52 కింద తనిఖీ ఉంది, 60 కింద తిన్న సొమ్ము కక్కించే సర్‌చార్జి ఉంది, 34 కింద రద్దు ఉంది. వీటిని తప్పు చేసిన సంఘం మీద వాడాలి. రాష్ట్రం మొత్తానికీ ఒకే జీవోతో ఎన్నిక ఆపితే లాభాల్లో నడిచే సంఘానికీ, లెక్కలు తేలని సంఘానికీ ఒకే శిక్ష పడుతుంది. పైగా తప్పు చేసిన పాలకవర్గం ఓటరు ముందు నిలబడే అవసరమే తప్పించుకుంటుంది. చాలా సంఘాల్లో ఎన్నికలు ఏకగ్రీవమే అయిపోతాయి కదా అనేవాళ్లూ ఉన్నారు. ఏకగ్రీవానికైనా నామినేషన్ వేసే రోజు ఒకటుండాలి.

నామినేషన్ ప్రమాదమన్నది ఊరికే ఊహించి చెప్పే మాట కాదు. ఎన్నికను తప్పించి మనిషిని దించే పద్ధతి ఎంత దూరం పోతుందో 2006లో చూశాం. పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం అని 1995లో ఆంధ్రప్రదేశ్ ఒకటి చేసింది. ప్రభుత్వ సొమ్ము తీసుకోని సంఘాలు తమ ఎన్నికలు, తమ లెక్కలు తామే చూసుకునేలా దేశంలోనే ముందుగా వచ్చిన చట్టం. పాల సంఘాలు చాలా దానికిందికి మారాయి. 2006లో ప్రభుత్వం ఆ చట్టాన్ని సవరించి పాల సంఘాలను దానిలోంచి లాగి, వెనక్కి 1964 చట్టం కిందికి తోసింది. అంటే మళ్లీ రిజిస్ట్రారు, మళ్లీ పర్సన్ ఇన్‌ఛార్జి. హైకోర్టు ఆ సవరణను కొట్టేసింది, 2011లో సుప్రీంకోర్టు కూడా కొట్టేసింది. స్వచ్ఛందంగా ఏర్పడిన సంఘం స్వరూపాన్ని సభ్యుల ఇష్టం లేకుండా మార్చడం 14వ అధికరణానికీ, 19వ అధికరణం ఇచ్చిన సంఘ స్వేచ్ఛకూ విరుద్ధమంది. గెలిచారు, కానీ ఆ గెలుపుకు అయిదేళ్లు పట్టింది. సహకార వివాదాల్లో అయిదేళ్లంటే ఒక పాలకవర్గం పూర్తి పదవీకాలమని మళ్లీ చెప్పనక్కర్లేదు.

మరి ఏం చేయాలి? చట్టంలో పెద్ద మార్పులేమీ అక్కర్లేదు. గడువుకు ఆరు నెలల ముందు ఎన్నిక పని దానంతటదే మొదలు కావాలి, ప్రభుత్వ ఫైలు కదిలితేనే కదిలేది కాకూడదు. వాయిదా తప్పనిసరైతే ఆ నిర్ణయం ఎన్నికల ప్రాధికార సంస్థ తీసుకోవాలి, కారణం రాయాలి, మొత్తం మీద ఒక గరిష్ఠ గడువుండాలి. అన్నిటికంటే ముఖ్యం, వాయిదా కాలంలో కుర్చీలో పాత అధ్యక్షుడు ఉండకూడదు, కొత్త నామినీ అసలే ఉండకూడదు. ఒక అధికారి ఉండాలి. రుణాలు, ఎరువులు, కొనుగోళ్లు చూడ్డం వరకే అతని పని. కొత్త సభ్యుల్ని చేర్చడం, ఉద్యోగుల నియామకాలు, ఆస్తుల అమ్మకాలు అతని చేతుల్లో ఉండకూడదు. అధికారి మాత్రం ప్రభుత్వం చెప్పినట్టు వినడా అంటారా? వింటాడు, కాదనను. కానీ అతనికి గెలవాల్సిన ఎన్నిక లేదు, బలపరచుకోవాల్సిన వార్డు లేదు, ఆ కుర్చీలో కూర్చోవడం అతనికి బరువే తప్ప లాభం కాదు. వాయిదా వల్ల ఎవరికీ లాభం లేకపోతే వాయిదా కారణాలు చాలా వేగంగా తగ్గిపోతాయి. ప్రభుత్వాలు తమంతట తాము ఈ సవరణ చేస్తాయని నాకు పెద్ద ఆశ లేదు. ప్రతిపక్షంలో ఉండగా సొసైటీ ఎన్నికలు అడిగే పార్టీలే అధికారంలోకి రాగానే త్రిసభ్య కమిటీల జాబితా సిద్ధం చేసుకోవడం చూస్తూనే ఉన్నాం. అడగాల్సింది సభ్యుడే.

అడగడానికి ఒక సులువైన దారి కూడా ఉంది. సహకార సంఘాలు నేరుగా సమాచార హక్కు చట్టం కిందికి రావని కేరళకు చెందిన తలప్పాలం సహకార బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు 2013లో చెప్పింది. అదే తీర్పులో, రిజిస్ట్రారు మాత్రం ఆ చట్టం కిందికి వస్తాడని, సంఘాల గురించి తన అధికార పరిధిలో ఉన్న సమాచారం ఇవ్వాల్సిందేనని కూడా చెప్పింది. మీరు సొసైటీ సభ్యులైతే, పది రూపాయల రుసుముతో జిల్లా సహకార అధికారికి ఒక దరఖాస్తు రాయండి. మా సంఘం పాలకవర్గం గడువు ఏ తేదీన ముగిసింది, ఇప్పుడున్నవారిని ఏ ఉత్తర్వుతో, ఏ కారణం చూపి నియమించారు, ఇప్పటికి ఎన్నిసార్లు పొడిగించారు, ఎన్నిక కోసం ఓటర్ల జాబితా పని ఎప్పుడు మొదలుపెట్టారు అని అడగండి. ముప్ఫై రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఆ కాగితాన్ని వచ్చే మహాజన సభలో అందరి ముందూ చదవండి.